పచ్చి నీళ్ళు

నా ముందుగదిలో రెండు వందల లీటర్ల ఉప్పునీళ్ళూ, పన్నెండు రాళ్ళూ, కుళ్ళుతున్న ఒక రొయ్యా ఉన్నాయన్న సంగతి వీధంతా పాకడానికి నాలుగు రోజులు పట్టింది. అంతకు ముందు తొమ్మిదేళ్ళలో నా ఇంట్లో ఏముందో ఎవరూ అడిగిన పాపాన పోలేదు.

సముద్రం ఒడ్డునున్న మా ఊరు శాంతా మార్తాలో నీళ్ళు నిలవ పెట్టడం చిన్న విషయం కాదు. మా పేటకి కుళాయి వారానికి రెండుసార్లు వస్తుంది. వచ్చి, దగ్గి, ఇంత తుప్పు ఉమ్మి పోతుంది. మిగతా రోజుల్లో ట్యాంకరు కోసం బకెట్లు వరసగా పెట్టుకుని ఎదురుచూస్తాం. అలాంటి చోట ఒంటరివాడొకడు గాజు తొట్టి నిండా నీళ్ళు పోసి, కుర్చీ వేసుకుని దాన్నే చూస్తూ కూర్చుంటే జనం ఊరుకోరు.

కింద కొట్టు విల్ఫ్రీదో శుద్ధి చేసిన నీళ్ళ డబ్బాలు పైకి మోసుకొచ్చినప్పుడల్లా ఆగి తొట్టిలోకి తొంగిచూసేవాడు.

"ఎవేలియో గారూ, చేపలెప్పుడొస్తాయి?"

"ఇంకో నాలుగు వారాలు."

"మరి ఇప్పుడెవరుంటున్నారు ఇందులో?"

"ఎవరూ లేరు."

"ఖాళీయేనా? మా అత్తగారొస్తోంది. ఓ నెల అద్దెకిస్తారా?"

నిజానికి తొట్టి ఖాళీగా లేదు. దాని అసలు పని కంటికి కనబడదు, అంతే. ఈ మాట విల్ఫ్రీదోకి చెప్పలేదు. నేను చాలా మాటలు చెప్పను. చెప్పాల్సినవి లోపల వరసగా పేర్చుకుంటాను, ఎదుటి మనిషికి వినబడ్డాయనే అనుకుంటాను. నోటరీ ఆఫీసులో నా పని కూడా అలాంటిదే. పాత పత్రాన్నీ దాని నకలునీ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం సరిచూడాలి. ఎనిమిది గంటలు నోరు విప్పనక్కర్లేదు.

ఈ తొట్టి వెనక సెన్యో ఎదెల్మిరా ఉంది. నలభై ఏళ్ళు రసాయన శాస్త్రం చెప్పిన మనిషి. ఆమె దగ్గర చదివినవాళ్ళూ, చదవనివాళ్ళూ, చివరికి ఆమె డాక్టరూ కూడా ఆమెని 'సెన్యో' అనే పిలుస్తారు, బళ్ళో పంతులమ్మని పిలిచినట్టు. రెండేళ్ళ కిందట ఏదో పత్రం మీద సంతకం కోసం ఆమె ఇంటికి వెళ్ళాను. హాల్లో పెద్ద ఉప్పునీటి తొట్టి. అందులో నారింజ రంగు ఒంటి మీద తెల్ల పట్టీలున్న జంట చేపలు. పెద్దది ఆడది, పేరు డాక్టరమ్మ. చిన్నది మగది, పేరు సెక్రటరీ. పద్నాలుగేళ్ళుగా ఒకే తొట్టిలో ఉన్నాయి. డాక్టరమ్మ అద్దం దాకా వచ్చి నన్ను కింది నుంచి పైదాకా చూసింది. తప్పుల కోసం చూసే చూపు అది. నాకు బాగా తెలిసిన చూపు. అది నా మీద పడటం మాత్రం అదే మొదటిసారి.

అప్పట్నుంచి ప్రతి గురువారం వెళ్ళేవాణ్ణి. సెన్యో కళ్ళు మసకబారుతున్నాయి గనక పేపరు చదివి పెట్టేవాణ్ణి. ఆమె తొట్టి నీళ్ళు పరీక్షించి, గాజు గొట్టంలో ఏ రంగు వచ్చిందో చెప్పేవాణ్ణి. ఆమెకి ఆ రంగులన్నీ ఒకేలా కనబడేవి. గురువారం గురించి నేను ఆదివారం నుంచే ఆలోచిస్తున్నానని కొన్నాళ్ళకి గమనించుకున్నాను. ఆలోచిస్తున్నది పేపరు గురించి కాదు.

ఏప్రిల్‌లో సెన్యో చెప్పింది, జూన్ ఇరవై ఎనిమిదిన మనిసాలెస్‌లో చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోతున్నానని. కొండల్లోకి, పది గంటల బస్సు ప్రయాణం. చేపలు తట్టుకోలేవు.

"బీచి పక్క కొత్త హోటలువాళ్ళు అడుగుతున్నారు. చేపలూ కావాలట, నా రాళ్ళూ కావాలట. రాళ్ళు ఇస్తానని మాటిచ్చేశాను. చేపలు మాత్రం..." అని ఆగి, "పొద్దున్నించీ సాయంత్రం దాకా ఎవడో ఒకడు అద్దం మీద టకటకా కొడుతూనే ఉంటాడక్కడ" అంది.

"నేను పెంచుతాను" అన్నాను. లోపల పేర్చుకోకుండా నా నోటి నుంచి వచ్చిన మాట అదొక్కటే.

"తొట్టి ఉందా నీకు?"

"కొంటాను."

"కొంటే సరిపోదు ఎవేలియో. నీళ్ళు పండాలి. కొత్త నీళ్ళలో చేపని వేస్తే దాని ఉచ్చే దాన్ని చంపుతుంది. ఆ విషాన్ని తినే సూక్ష్మజీవులు రాళ్ళ మీద పుట్టాలి. ముందో రకం పుట్టి విషాన్ని ఇంకో విషంగా మారుస్తుంది. తర్వాత ఇంకో రకం పుట్టి దాని కోరలు పీకుతుంది. నెల పడుతుంది. నువ్వు చెయ్యాల్సిందల్లా ఏమీ చెయ్యకపోవడమే. చెయ్యగలవా? ఇరవై ఎనిమిదికి పండకపోతే చేపలు హోటలుకే."

"చెయ్యగలను" అన్నాను.

మే ఇరవై ఎనిమిదిన మొదలుపెట్టాను. ఆ సూక్ష్మజీవులకి తిండి కావాలి కదా, అందుకే రొయ్య. అది కుళ్ళి విషం వదిలితే వాటికి విందు. ప్రతి మంగళవారం తన దగ్గరున్న రెండో తాళంచెవితో తలుపు తీసుకుని, చేతిలో కొబ్బరన్నం గిన్నెతో వచ్చే మా అక్క నూబియా దాన్ని చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఒరేయ్, అది రొయ్యే కదా?"

"అవునక్కా."

"బజార్లో కొన్నదే?"

"అవును."

"వండుకోకుండా, గాజు పెట్టెలో పెట్టి, కుళ్ళబెట్టి, దాని ముందు కూర్చుని చూస్తున్నావు."

"అవును."

"నీ పెళ్ళాం తొమ్మిదేళ్ళ కిందటే నిన్ను వదిలి పోయింది. తెలివైంది."

మా అక్క ఆసుపత్రి లాండ్రీలో ఇరవై ఆరేళ్ళు పనిచేసింది. రక్తం, అయోడిన్, మందుల మరకలు, అన్నీ ఆమె చేతిలో తెల్లబడ్డాయి. వదలని మరక ఉంటుందని ఆమె ఒప్పుకోదు. రిటైరయ్యాక ఆ చేతులకి పని దొరకడం లేదు, అందుకే మంగళవారాలు నా ఇంటికొచ్చి నా కాలర్ల మీద పడుతుంది.

ఏమీ చెయ్యకపోవడం నాకు చేతకాదని రెండో రోజుకే తెలిసింది. నీళ్ళు రోజుకి నాలుగుసార్లు పరీక్షించేవాణ్ణి. గొట్టంలో ఐదు మిల్లీలీటర్లు పోసి, చుక్కలు వేసి, ఊపి, ఐదు నిమిషాలు ఆగాలి. పసుపు వస్తే విషం లేదు. పచ్చ వస్తే ఉంది. ఉంటుంది, ఉండాలి, ఇంకా వారాలు ఉంటుంది. ఇదంతా తెలిసి కూడా మళ్ళీ గంటకి గొట్టం పట్టుకునేవాణ్ణి. నేను చూడటం మానేస్తే నీళ్ళు పండటం మానేస్తాయని నాలో ఎవరో గట్టిగా నమ్ముతున్నారు. చిన్నప్పుడు అమ్మ ఇంటికొచ్చేదాకా కిటికీ దగ్గర నిలబడ్డవాడు కూడా వాడే అయ్యుంటాడు. సెన్యోకి ఫోన్లో చెబితే కోప్పడింది. "మామిడికాయని రోజుకి నాలుగుసార్లు నొక్కి చూస్తే పండదు, మచ్చలు పడతాయి. రోజుకొక్కసారి చాలు" అంది.

ఒక్కసారికి ఒప్పుకున్నాను. బదులుగా గోడ మీది క్యాలెండర్లో, ప్రతి తేదీ గడిలో ఆ రోజు ఫలితం రాయడం మొదలుపెట్టాను. ఒకే మాట. వెర్దే. వెర్దే. వెర్దే. ఇంకా పచ్చి, ఇంకా పచ్చి, ఇంకా పచ్చి.

పద్దెనిమిదో రోజుకి రాళ్ళ మీదా అద్దాల మీదా పల్చగా పాకుడు పట్టింది. భయపడి ఫోన్ చేశాను. సెన్యో సంబరపడింది. "మంచిది నాయనా, ప్రాణం పుట్టింది! ముట్టుకోకు." ఇరవయ్యో రోజున, సోమవారం, గొట్టంలో పచ్చ రంగు మొదటిసారి కాస్త వెలిసింది. కిటికీ దగ్గర పట్టుకుని, దీపం కింద పట్టుకుని, తెల్ల కాగితం ముందు పట్టుకుని చూశాను. వెలిసింది. ఆ సాయంత్రం ఇంట్లో ఈల వేశాను, నాకు ఈల వచ్చన్న సంగతే అప్పటిదాకా మర్చిపోయాను.

మర్నాడు మంగళవారం. ఆఫీసు నుంచి వచ్చేసరికి మెట్ల మీదికే వాసన తగిలింది. ఆసుపత్రి వాసన. తలుపు తీశాను.

తొట్టి మెరుస్తోంది. అద్దాలు లేనట్టే ఉన్నాయి. లోపల పన్నెండు రాళ్ళు, ఒక్కొక్కటీ అప్పుడే కోసిన కొబ్బరి ముక్కలా తెల్లగా ఉన్నాయి. పక్కన మా అక్క, చీలమండల దాకా తడిసి, చేతులకి రబ్బరు తొడుగులతో నిలబడి నా మొహంకేసి చూస్తోంది.

"బావుంది అనవేంరా?"

నేను వంగి ఒక రాయిని దగ్గరగా చూశాను.

"ఆరు గంటలు పట్టింది. ఒక్కో రాయి బయటికి తీసి, బ్లీచ్‌లో నానబెట్టి, ఇనప బ్రష్షుతో రుద్ది, బాల్కనీలో ఎండబెట్టి పెట్టాను. ఏం పాకుడురా అది! రక్తం మరక నయం. ఆ పంపులో స్పాంజి ఉంది చూశావూ, దాన్నైతే మూడుసార్లు ఉతికాను."

"ఎందుకక్కా?"

"ఎందుకా? పాపం, ఇరవై రోజులుగా గోడ మీద పచ్చ, పచ్చ, పచ్చ అని రాసుకుని ఏడుస్తున్నావు! పాకుడు ఎలా వదిలించాలో తెలీక కుర్చీలో కూలబడ్డావని నాకర్థమైంది. ఒక్క మాట నాతో అంటే మొదటి రోజే చేసి పెట్టేదాన్ని కదరా. ఇంట్లో లాండ్రీ మనిషిని పెట్టుకుని గోడకి చెప్పుకుంటావేం?"

మా భాషలో చిలకా వెర్దేనే, పండని మామిడికాయా వెర్దేనే. పచ్చకీ పచ్చికీ తేడా లేదు. ఆ తేడా ఎవరో ఒకరు నోటితో చెప్పాలి. మూడు మంగళవారాలు ఆమె ఈ గదిలోకి వచ్చింది, అడిగింది, ఎగతాళి చేసింది. నేను "అవునక్కా" అన్నాను. అంతకు మించి ఏమీ చెప్పలేదు.

"ఆ రొయ్యని కూడా పారేశాను. ఛీ! అన్నంలోకి తాజావి తెచ్చాను, పొయ్యి మీదున్నాయి. తిను."

కోపం ఎక్కడో మొదలవబోయి, ఆమె ముడతలు పడ్డ వేళ్ళు కనబడేసరికి దారి తప్పింది. "థాంక్స్ అక్కా" అన్నాను. తిన్నాను. రొయ్యలు చాలా బావున్నాయి, ఆ సంగతి కూడా బాధగానే ఉంది.

ఆమె వెళ్ళాక నీళ్ళన్నీ తోడి పారబోశాను, రాళ్ళు మళ్ళీ మళ్ళీ కడిగాను. విల్ఫ్రీదో దగ్గరున్న డబ్బాలన్నీ తెప్పించి, ఉప్పు కలిపి, తొట్టి నింపాను. పరీక్షించాను. పసుపు. స్వచ్ఛమైన పసుపు. రెండు వందల లీటర్లలో ఒక్క ప్రాణి లేదు, ఒక్క చుక్క విషం కూడా లేదు. నెల రోజులు పండిన నీళ్ళూ, ఇప్పుడే కలిపిన నీళ్ళూ గొట్టంలో ఒక్కలాగే ఉంటాయి.

నిలబడి ఆ పసుపు వైపు చూశాను. న్యాయంగా అయితే అందులో మళ్ళీ రొయ్య వెయ్యాలి. వేస్తే రేపటికి పచ్చ, ఇరవై ఎనిమిదికి కూడా పచ్చే. వెయ్యకపోతే పసుపు, ఎన్నాళ్ళైనా పసుపే. నేను రొయ్య వెయ్యలేదు. 'రేపు వేస్తాను' అనుకున్నాను. మనసు పెద్ద అబద్ధాలని ఇలాగే చిన్న చిల్లరగా మార్చుకుని ఖర్చు పెడుతుంది.

గురువారం పేపరు చదవడం అయ్యాక సెన్యో అడిగింది, "ఏం రంగు?"

"పసుపు."

"అప్పుడేనా!" చప్పట్లు కొట్టింది. "నీ చెయ్యి మంచిది ఎవేలియో!"

తొట్టిలోంచి డాక్టరమ్మ చూసింది. నేను పేపరు మడిచాను.

తర్వాతి గురువారం, ఇరవై ఆరున, సెన్యో టాక్సీలో మా ఇంటికొచ్చింది. ఒక చేత్తో కర్ర, ఇంకో చెయ్యి నా భుజం మీద వేసి మెట్లెక్కింది. కుర్చీలో కూర్చోకుండా తొట్టికేసి తిరిగి నిలబడింది. ఆమెకి అది వెలుతురున్న ఒక పెద్ద మసక, అంతే.

"నా ముందు చెయ్యి. రంగు చెప్పు."

గొట్టం కడిగాను, నీళ్ళు పోశాను, చుక్కలు వేశాను, ఊపాను. ఐదు నిమిషాలు. బయట బొప్పాయిలమ్మేవాడి అరుపు. "పసుపు" అన్నాను. అది అబద్ధం కాదు. చూసినవాళ్ళెవరైనా అదే మాట చెబుతారు.

"సరే. శనివారం పొద్దున్నే వచ్చి తీసుకుపో. విను, డాక్టరమ్మ మొదటి మూడు రోజులూ తినదు. రాతి వెనక్కి పోయి మొహం చూపించదు. ఇల్లు మార్చిన రెండుసార్లూ అంతే చేసింది. కంగారుపడకు. నాలుగో రోజు నువ్వు చెయ్యి నీళ్ళలో పెట్టి కదపకుండా..."

ఆమె చెప్తూనే ఉంది, నాకు మాత్రం వినబడటం మానేసింది. ఎందుకంటే ఆ మూడు రోజులూ అప్పటికే నాకు కనబడుతున్నాయి. చేప తినదు, సెన్యో చెప్పిందిగా అనుకుంటాను. రాతి వెనక ఉంటుంది, చెప్పిందిగా అనుకుంటాను. నాలుగో రోజు అది పక్కకి ఒరిగితే, పెద్ద వయసు, ప్రయాణం బడలిక అనుకుంటాను. మనిసాలెస్‌కి ఫోన్ చేసి అదే చెప్తాను, నమ్ముతుంది. కొన్నాళ్ళకి నేనూ నమ్ముతాను. ఇవన్నీ అక్షరం పొల్లుపోకుండా నాలో ఎప్పుడో రాసి పెట్టున్నాయి. ఇక సంతకమే తక్కువ.

"సెన్యో, ఇవి పండిన నీళ్ళు కావు."

ఆమె ఆగింది.

"చచ్చిన నీళ్ళు. పదిహేడున కొత్తగా పోశాను. రాళ్ళ మీద ఏమీ లేదు."

"పదిహేడునా? మరి పోయిన గురువారం..."

"అప్పుడు కూడా ఇవే."

కర్రతో తడుముకుని కుర్చీ వెతుక్కుని కూర్చుంది. "ఎవరు చేశారు?"

"బ్లీచ్ మా అక్క పోసింది. పాకుడు పోవట్లేదని బెంగపెట్టుకున్నాననుకుంది, నేను సరిగ్గా చెప్పలేదు. పసుపు అన్నది మాత్రం నేనే."

"నాకు కనబడదని తెలిసి."

"అవును."

కర్రని ఒళ్ళో అడ్డంగా పెట్టుకుంది. పంపు గుడగుడమంటోంది. క్లాసులో తప్పు చేసినవాణ్ణి నిలబెట్టి ఆమె ఇలాగే ఊరుకునేదేమో. నాకు నలభై ఆరేళ్ళు, నిలబడే ఉన్నాను. చేపలు పోయాయి అనుకున్నాను. అనుకున్నాక, వింతగా, ఒళ్ళు కాస్త తేలికైంది.

చివరికి అడిగింది, "ఆ రాళ్ళు... ఎంత తెల్లగా ఉన్నాయి?"

"సుద్దముక్కల్లా."

ఆమె భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకున్నాను. కాదు, నవ్వుతోంది.

"ఆ హోటలు మేనేజరు మొన్న నా రాళ్ళు చూడ్డానికొచ్చాడు. పద్నాలుగేళ్ళ రాళ్ళు, ప్రాణం కిటకిటలాడుతున్న రాళ్ళు. చూసి ఏమన్నాడో తెలుసా? 'మేడమ్, ఇవి కాస్త కడిగించి ఇస్తారా?' అన్నాడు." కళ్ళు తుడుచుకుంది. "రాళ్ళిస్తానని మాటిచ్చాను. ఏ రాళ్ళో చెప్పలేదు. వాడికి నీ తెల్లవి పంపు. నావీ, నా పంపు స్పాంజీ, సగం నీళ్ళూ నువ్వు పట్టుకుపో. పండింది రాయిరా, నీళ్ళు కాదు. రాయి వస్తే చేప బతుకుతుంది."

నేను ఏదో అనబోయాను.

"ఆగు. ఇంకా అవ్వలేదు. నేను రోజూ పొద్దున ఫోన్ చేస్తాను, రంగు చెప్పాలి. నువ్వు కాదు. నీ మాట నేనిక నమ్మను. ఆ బ్లీచ్ ఆవిడ్ని పిలువు. కడగమంటే అంత బాగా కడిగిన మనిషి, చూడమంటే సరిగ్గా చూస్తుంది."

ఇది ఫోన్లో చెప్పినప్పుడు మా అక్క రెండు నిమిషాలు మాట్లాడలేదు. ఆమె విషయంలో అది పెద్ద వార్త.

శనివారం పొద్దున సెన్యో ఇంటి నుంచి టాక్సీలో బయల్దేరాం. డిక్కీ నిండా తడి పేపర్లలో చుట్టిన రాళ్ళు, నా కాళ్ళ దగ్గర నీళ్ళ డబ్బాలు, అక్క ఒళ్ళో ప్లాస్టిక్ సంచిలో డాక్టరమ్మా సెక్రటరీ. సంచిని పసిబిడ్డలా రెండు చేతులా పట్టుకుంది.

"తొమ్మిది రోజులు!" అంది పళ్ళ బిగువున, చేపలకి వినబడకూడదన్నట్టు. "తొమ్మిది రోజులు కడుపులో పెట్టుకున్నావు. గాడిదా. నన్ను తిట్టొచ్చు కదా!"

"ఆరు గంటలు కష్టపడ్డావని..."

"అయితే? మెచ్చుకుని తిట్టాలి. రొయ్యలు కూడా తిన్నావు, సిగ్గులేకుండా, ఇంకో గరిటె వేయించుకుని." మలుపులో సంచి ఊగింది. "డ్రైవరు బాబూ, మెల్లగా! ఒళ్ళో డాక్టరుంది."

డ్రైవరు అద్దంలోంచి ఆమె ఒళ్ళోని సంచికేసి, తెల్లవెంట్రుకలకేసి చూసి, ఇంకేమీ అడక్కుండా మెల్లగా పోనిచ్చాడు.

ఆ రాళ్ళు నల్లగా, ముదురాకుపచ్చగా, అక్కడక్కడా ఊదాగా ఉన్నాయి. ఒక్కోటీ అందిస్తున్నప్పుడల్లా అక్క చెయ్యి పక్కకి వెతికింది, బ్రష్షు కోసమే అని నాకు తెలుసు. దేన్నీ రుద్దలేదు. చేపల్ని వదిలాం. డాక్టరమ్మ సూటిగా రాతి వెనక్కి పోయింది. సెక్రటరీ వెంట పోయాడు.

అక్క ఇప్పుడు రోజూ వస్తోంది. ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించి, గొట్టాన్ని కిటికీ దగ్గర పట్టుకుంటుంది. నన్ను దగ్గరికి రానివ్వదు.

"పసుపే సెన్యో. ఆఁ, నిమ్మపండు పసుపు. లేదు, వాడు చూపించలేదు, నేనే చూశాను. తింటోందా? నిన్నటిదాకా లేదు... ఇదుగో, ఇప్పుడు చెయ్యి పెట్టాడు. కదపకుండానే పెట్టాడు లెండి. వస్తోంది. వచ్చింది. అయ్యో!"

నేను చెయ్యి తీయలేదు.

"కరిచింది సెన్యో! గట్టిగానే... రక్తమా? లేదు. వాడా? వాడు నవ్వుతున్నాడు. ఏమోనమ్మా, ఎందుకో మీరే అడగండి, నాకైతే ఏమీ చెప్పి చావడు" అని ఫోను నా చెవికి ఆనించింది. నేను చెప్పడం మొదలుపెట్టాను.